పాత టీవీ గేమ్ మళ్లీ ఆడాలంటే ఏది మేలు?

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే మా మేనమామ కొడుకు ఒకరోజు ఫోన్ చేశాడు. "బావా, పిల్లోళ్లకు ఎండాకాలం సెలవులు వస్తాండాయి. మనం ఆడిన కాంట్రా ఆట వాళ్లకు చూపించాల. ఆన్‌లైన్‌లో పదివేల ఆటలుండే స్టిక్ ఒకటి కనబడింది, కొనేదా?" అన్నాడు.

కొనమని గానీ వద్దని గానీ వెంటనే చెప్పలేదు. "నీకు బాగా గుర్తుండేది ఏందిరా? ఆ ఆటా, ఆ గేమ్ సెట్టా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "జలపాతం లెవెల్లో నువ్వు గబగబా పైకి ఎక్కేస్తావు. స్క్రీన్ నీతోపాటే పైకి పోతుంది, కింద నేను చస్తాను. అవ్వ దగ్గరికి పోయి నీ మీద చాడీలు చెప్పేవాణ్ణి. అదే గుర్తుంది" అన్నాడు.

వాడికి ఏది సరిపోతుందో ఆ మాటలోనే తేలిపోయింది. పాత ఆటల మీద మనసు పడేవాళ్లలో మూడు రకాలవాళ్లు ఉంటారని నాకనిపిస్తుంది. కొందరికి ఆ యంత్రమే కావాలి, క్యాసెట్ గుచ్చినప్పుడు వచ్చే ఆ టక్కుమనే శబ్దంతో సహా. కొందరికి ఆట చాలు, ఎందులో ఆడినా ఒకటే. మా వాడికైతే పక్కన కూర్చునే మనిషి కావాలి. మీరు ఏ రకమో ముందు తేల్చుకోండి. అది తేలకుండా కొంటే నెల తిరక్కుండానే ఆ వస్తువు అటకెక్కుతుంది.

అటక మీద సెట్టు ఉంటే

మా నాయన 1996లో తిరుపతి గాంధీ రోడ్డులో కొనిచ్చిన సెట్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కొర్లగుంటలో మా వీధిలో అలాంటివి రెండే ఉండేవి. గంగమ్మ జాతర రోజుల్లో చుట్టాల పిల్లలంతా వచ్చి దాని చుట్టూ మూగేవాళ్లు. కాబట్టి ఈ భాగం కొంచెం ఎక్కువే రాస్తాను.

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలై 15న ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. మన ఇళ్లకు వచ్చినవి చాలావరకు దానికి నకళ్లు. లోపలి పనితీరు ఒకటే, పైన డబ్బా వేరు. మనం క్యాసెట్ అని పిలిచిన దానిలో టేపు ఉండదు, ఆటను రాసిపెట్టిన చిప్ ఉంటుంది. సూపర్ మారియో ఆట మొత్తం 40 కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో కూడా దానికంటే పెద్దదే. అంత చిన్న చోట ముప్పై రెండు లెవెళ్లు, పాట, మేఘాలు, పొదలు అన్నీ ఇరికించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మేఘం, పొద నిజానికి ఒకే బొమ్మ, రంగు మాత్రమే మార్చారు. ఈసారి ఆడినప్పుడు గమనించండి.

సెట్టు కిందికి దించగానే కరెంటు ఇవ్వకండి. ముందు అడాప్టర్ చూడాలి. సెట్టు అడుగున ఎన్ని వోల్టులు, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అని రాసి ఉంటుంది. పాత అడాప్టర్ పోయిందని ఇంట్లో ఉన్న ఏదో రౌటర్ అడాప్టర్ గుచ్చితే, ప్లస్ మైనస్ తారుమారై బోర్డు కాలిపోవచ్చు. మీ దగ్గర మల్టీమీటర్ లేకపోతే ఏ ఎలక్ట్రీషియన్ అయినా రెండు నిమిషాల్లో చూసి చెబుతాడు.

తర్వాత క్యాసెట్లు. చిన్నప్పుడు మనమంతా నోటితో ఊదేవాళ్లం. ఊదినందువల్ల పని చేసిందనుకున్నాం గానీ, తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు సరిగా తగిలి పని చేసేది. నోటి తడి వల్ల పిన్నులు మెల్లమెల్లగా పాడవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చిన్న సీసా తెచ్చుకుని, చెవుల దూదిపుల్లతో పిన్నులు తుడవండి. దూదికి నల్లగా అంటుకోవడం ఆగేదాకా తుడవాలి. పూర్తిగా ఆరాకే గుచ్చాలి.

ఇక అసలు సమస్య టీవీ. ఈ సెట్లను లావు టీవీల కోసమే, అంటే పిక్చర్ ట్యూబ్ ఉండే పాత టీవీల కోసమే తయారు చేశారు. బాతులను కాల్చే ఆటలో గన్ను ఎలా పని చేస్తుందో చూడండి. మనం ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చదరం మెరుస్తుంది. గన్ను కొనలో ఉన్న సెన్సర్‌కు ఆ తెలుపు కనబడితే బాతు పడినట్టు. అంటే గన్ను ఏమీ కాల్చదు, చూస్తుందంతే. పిక్చర్ ట్యూబ్ మెరుపు వెంటనే వస్తుంది కాబట్టి అది కుదిరింది. ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది, మెరిసే తీరు కూడా వేరు. అందుకే ఎంత ఖరీదైన టీవీ అయినా పాత గన్నుతో ఒక్క బాతు కూడా పడదు. బాతుల ఆటే మీకు ప్రాణమైతే లావు టీవీ తప్ప వేరే దారి లేదు.

నేనూ లావు టీవీ అమ్మేశాక సెట్టును కొత్త టీవీకి కలపాలని ఒక షాపులో ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ డబ్బా కొన్నాను. బొమ్మ వచ్చింది గానీ, మారియో గంతు నేను నొక్కిన కాసేపటికి వచ్చేది. గుంట అంచున నొక్కితే గుంటలో పడ్డాకే వినబడినట్టుగా ఉండేది. పరిగెత్తేటప్పుడు అడ్డగీతలు కూడా. కారణం తర్వాత అర్థమైంది. పాత సెట్టు పంపే సిగ్నల్‌లో 240 గీతలే ఉంటాయి. చౌక కన్వర్టర్లు దాన్ని, బొమ్మ రెండు సగాలుగా వచ్చే మామూలు టీవీ ప్రసారం అనుకుని, ఆ సగాలను కలిపి ఒక బొమ్మ చేయబోతాయి. ఆ పనిలోనే ఆలస్యం, ఆ గీతలు. ఈ సిగ్నల్‌ను కొత్త టీవీకి సరిపడేలా మార్చడానికే చేసిన స్కేలర్లు అనే మంచి డబ్బాలు ఉన్నాయి, వాటి ధర సెట్టు ధరకు ఎన్నో రెట్లు. అందుకే కన్వర్టర్ కొనే ముందు మీ టీవీ వెనక చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు లేకపోయినా 'ఏవీ ఇన్' అని రాసిన సన్నటి గుండ్రటి రంధ్రం ఉండవచ్చు. దానికి సరిపడే వైరు దొరుకుతుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ కూడా పెట్టండి. కన్వర్టర్ కంటే చాలా సందర్భాల్లో అదే నయం.

లావు టీవీ కావాలంటే పాత సామాన్ల అంగళ్లలో, చుట్టాల ఇళ్లలో అడగండి. ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక్క హెచ్చరిక. పాడైతే వెనక మూత మీరు తీయకండి. రంగుల పిక్చర్ ట్యూబ్‌లో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కొంత చార్జి మిగిలి ఉండగలదు. తెలిసిన మెకానిక్‌కే ఇవ్వాలి. అలాంటి పాతకాలపు మెకానిక్‌లు మన ఊళ్లో తగ్గిపోతున్నారు. మీకు తెలిసినవాళ్లుంటే నంబర్ దాచుకోండి.

సెట్టు ఇంట్లోనే ఉండి, లావు టీవీ కూడా దొరికితే నేను మరో మాట లేకుండా ఇదే ఎంచుకుంటాను. సెట్టు లేకుండా ఆన్‌లైన్‌లో పాతది వెతికి కొనడం మాత్రం వద్దంటాను. అమ్మేవాళ్లు చూపే ఫోటోలో అది వెలుగుతుందో లేదో తెలియదు. కొత్తగా అమ్ముతున్న చౌక నకళ్లలో అయితే పాటల శ్రుతి కూడా తేడాగా ఉంటుంది.

పదివేల ఆటల స్టిక్

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. టీవీకి గుచ్చితే చాలు, రెండు వైర్లెస్ రిమోట్లు కూడా ఇస్తారు. పదివేలు అన్న అంకెను మాత్రం నమ్మకండి. చిన్నప్పుడు '9999999 ఇన్ 1' అని రాసిన క్యాసెట్‌లో పట్టుమని పది ఆటలు ఉండేవి, అవే వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి. ఇక్కడా జాబితాలో ఒకే ఆట నాలుగైదు పేర్లతో కనబడుతుంది. ఆటలన్నీ చౌక మెమొరీ కార్డులో ఉంటాయి, కార్డు పోతే స్టిక్కు పోయినట్టే. రిమోట్లలో నొక్కుడుకూ గంతుకూ మధ్య ఆలస్యం తెలుస్తుంది. ఒక వారం సరదాకైతే సరే.

ఇంట్లో మూలన పడున్న ల్యాప్‌టాప్

ఎక్కువ ఇళ్లకు నా సలహా ఇదే, మా బామ్మర్దికీ ఇదే చెప్పాను. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్ అయినా 1983 నాటి యంత్రానికి నకలు పట్టడానికి చాలు. ఫామికామ్ ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్ కూడా లేదు, పనికి వాడిన మెమొరీ 2 కేబీ. దానిలా నటించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ అనేవి ఉచితం. విండోస్ జోలికి పోకుండా మొత్తం ఆటల పెట్టెలా మార్చుకోవాలంటే బటోసెరా ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పెన్‌డ్రైవ్ నుంచే ల్యాప్‌టాప్ ఆన్ చేయవచ్చు. తీసేస్తే మీ ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే ఉంటుంది.

దీంతో ఒక తిరకాసు ఉంది. మొదటిసారి ఎమ్యులేటర్‌లో మారియో పెట్టగానే నాకు ఏదో తేడా అనిపించింది. పాట తొందరగా పోతోంది, మారియో తొందరగా పరిగెడుతున్నాడు. వయసు మీదపడి చేతులు మందగించాయేమో అనుకున్నాను. అది కాదు. జపాన్, అమెరికా యంత్రాలు సెకనుకు 60 బొమ్మలు చూపిస్తాయి. మన దేశపు టీవీ పద్ధతి 50 బొమ్మలది. మనకు వచ్చిన నకలు సెట్లలో చాలావాటిని దానికి తగ్గట్టే తయారు చేశారు. ఆట కదలికా, పాట నడకా బొమ్మల లెక్కతోనే సాగుతాయి కాబట్టి మన మారియో ఆరింట ఒక వంతు నెమ్మదిగా నడిచాడు. మన చెవులకు అలవాటైన పాట ఆ నెమ్మది పాటే.

మెసెన్‌లో ప్రాంతం ఎంచుకునే చోట 'డెండీ' అని ఉంటుంది. డెండీ అనేది 1990ల్లో రష్యాలో అమ్మిన ఇలాంటి నకలు సెట్టు పేరు, ఆ 50 బొమ్మల లెక్కకు ఆ పేరే నిలిచిపోయింది. అది పెట్టండి, టీవీకి వెళ్లే సిగ్నల్‌ను కూడా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ చేయండి. లేకపోతే బొమ్మ తడబడుతుంది. నేను ఆ మార్పు చేసి మొదటి లెవెల్ పాట విన్నప్పుడు వంటింట్లో ఉన్న మా అమ్మ, "ఆ పాత డబ్బా మళ్లీ దించినావా?" అని అడిగింది. అంతకుముందు అరగంట నుంచి వేరే వేగంతో అదే పాట వినబడుతున్నా ఆమె ఆ మాట అనలేదు.

రిమోట్లు వైరువే కొనండి. యూఎస్‌బీ ప్యాడ్లు ఒక్కోటి 500 రూపాయల అటూ ఇటూ దొరుకుతాయి, రెండు తీసుకోండి. కొనేటప్పుడు చూడాల్సింది ఎడమవైపు ప్లస్ గుర్తు బటన్. చౌకవాటిలో కుడివైపు నొక్కితే పైకి కూడా తగులుతుంది. దాన్ని పరీక్షించడానికి కాంట్రా కోడ్ మంచి సాధనం: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. పదిసార్లు కొడితే తొమ్మిదిసార్లయినా 30 లైఫులు రావాలి. రాకపోతే ప్యాడ్ మార్చండి. ఈ కోడ్‌ను మొదట గ్రేడియస్ అనే ఆట కోసం కొనామీ కంపెనీ ఉద్యోగి కజుహిసా హషిమోటో పెట్టాడు. ఆట మరీ కష్టంగా ఉంది, తయారు చేసేటప్పుడు పరీక్షించడానికి తనకే కావాల్సి వచ్చింది.

ఆటల ఫైళ్ల సంగతి సూటిగా చెప్పాలి. మారియో, కాంట్రా లాంటివాటికి ఇప్పటికీ హక్కుదారులు ఉన్నారు. ఎక్కడపడితే అక్కడ దొరికే ఫైళ్లు దించుకోవడం చట్టప్రకారం సరైంది కాదు, వాటితోపాటు వైరస్‌లూ రావచ్చు. చట్టబద్ధంగా ఆడుకోవడానికీ చాలా ఉన్నాయి. పాత కంప్యూటర్ ఆటలను జీఓజీ అనే సంస్థ కొత్త విండోస్‌లో నడిచేలా సరిచేసి అమ్ముతుంది. డూమ్ మొదటి భాగాన్ని 1993లోనే ఉచితంగా పంచిపెట్టారు. పాత యంత్రాల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసేవాళ్లు ఉన్నారు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అలాంటిదే. నలుగురు కలిసి ఆడవచ్చు, పరిమాణం సూపర్ మారియో అంతే, 40 కేబీ. మా పిల్లకు మారియో కంటే అదే నచ్చింది.

రాస్ప్‌బెర్రీ పై

చేత్తో కట్టుకునే సరదా ఉన్నవాళ్లకు ఇది. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, మెమొరీ కార్డులో బటోసెరా గానీ అలాంటిదే అయిన రీకాల్‌బాక్స్ గానీ ఎక్కిస్తే చాలు. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంటే దీనికి డబ్బు పెట్టడం నాకు అనవసరంగా తోస్తుంది. బోర్డు ధర ఒక్కటే చూసి మోసపోకండి. అడాప్టర్, డబ్బా, కార్డు, సన్నటి హెచ్‌డీఎంఐ వైరు కలిపితే లెక్క మారుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం దీన్ని మించింది లేదు. మీ దగ్గర లావు టీవీ ఉండి, సెట్టు లేకపోతే రాస్ప్‌బెర్రీ పై 3 గానీ, రాస్ప్‌బెర్రీ పై 4 గానీ తీసుకోండి. వాటిలోని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి టీవీ పసుపు పిన్నుకు నేరుగా బొమ్మ పంపవచ్చు, ఆ 240 గీతల పద్ధతిలోనే. రాస్ప్‌బెర్రీ పై 5లో ఆ రంధ్రం తీసేశారు, కాబట్టి కొత్తదే మేలనుకుని దాన్ని కొంటే ఇలా నేరుగా కలపలేరు. వైరులోనూ తేడాలుంటాయి. వీడియో కెమెరాల వైర్లు కొన్నిటిలో పిన్నుల వరుస వేరు, ఎరుపు పసుపు మార్చి గుచ్చినా బొమ్మ రాకపోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై కోసమే అమ్మే వైరు అడగండి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయే పని ఉంటే అక్కడ బోర్డు, వైరు, ప్యాడ్లు అన్నీ చేతిలోకి తీసుకుని చూడవచ్చు. తిరుపతి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. చిత్తూరు వాళ్లకు కాట్పాడి మీదుగా రైలు ఉంది.

చేతిలో పట్టుకుని ఆడే ఆన్‌బర్నిక్ లాంటి బుల్లి సెట్లు బాగుంటాయి, బస్సు ప్రయాణాలకు. మూడున్నర అంగుళాల తెర, ఒక్కరికే. ఫోన్‌లో అయితే అద్దం మీద వేలు జారుతూ కాంట్రా ఆడటం నావల్ల కాలేదు.

కంప్యూటర్ ల్యాబ్ గుర్తొచ్చేవాళ్లకు

కొందరికి టీవీ గేమ్ కంటే కీబోర్డు గుర్తొస్తుంది. బయట చెప్పులు విప్పి, ఏసీ గదిలోకి వరుసగా నడిచి, ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చున్న రోజులు. వయసులో నాకంటే పెద్దవాళ్లయితే బీబీసీ మైక్రో చూసి ఉంటారు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద దేశంలో ఎంపిక చేసిన బడులకు ఆ కంప్యూటర్లే ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన యంత్రం అది, 32 కేబీ మెమొరీ, ఆన్ చేయగానే బేసిక్ భాషలో ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. నా కాలానికి డాస్ కంప్యూటర్లు వచ్చాయి. సార్ అటు తిరగ్గానే డేవ్, డిగ్గర్ ఆటలే.

అసలు బీబీసీ మైక్రో గానీ, ఆ కాలపు స్పెక్ట్రమ్ గానీ, కమడోర్ 64 గానీ మన దగ్గర దొరకడం కష్టం. దొరికినా మరమ్మతు చేసే చేయి దొరకదు. పాత 286, 386 కంప్యూటర్ డబ్బా ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఒక పని ఈరోజే చేయండి. మూత తీసి బోర్డు మీద నీలం రంగు పీపా లాంటి బ్యాటరీ ఉందేమో చూడండి. అది కారి బోర్డు దారులను తినేస్తుంది. ఉంటే తీయించేయండి.

ఆడుకోవడానికైతే డాస్ ఆటల ఎమ్యులేటర్ డాస్‌బాక్స్ చాలు, ఉచితం. చాలా పాత ఆటలు ప్రాసెసర్ ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా పరిగెడతాయి. అందుకే అప్పటి డబ్బాల మీద వేగం మార్చడానికి టర్బో అని బటన్ ఉండేది. డాస్‌బాక్స్‌లో కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కితే నెమ్మదిస్తుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. డిగ్గర్‌ను ఆండ్రూ జెన్నర్ అనే ఆయన తిరగరాసి ఉచితంగా పెట్టారు. బీబీసీ మైక్రో అయితే జేఎస్‌బీబ్ అనే ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఒక రూపాయి ఖర్చు లేదు, ముందు అది తెరిచి చూడండి.

పిల్లలకు ప్రోగ్రామ్ రాయడం నేర్పాలన్న ఆలోచన కూడా ఉంటే రాస్ప్‌బెర్రీ పై 400 చూడండి. కీబోర్డులోనే కంప్యూటర్ ఉంటుంది, టీవీకి కలిపితే చాలు. రూపం అచ్చం ఆనాటి ఇంటి కంప్యూటర్లదే. బీబీసీ బేసిక్ అందులోనూ నడుస్తుంది. 10 ప్రింట్ అని తన పేరు కొట్టి, 20 గోటూ 10 అని కొట్టి, రన్ అనగానే తన పేరు స్క్రీన్ నిండా దొర్లుతుంటే మా పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆటల కోసమే అయితే ఇది వద్దు, చదువుకూ ఆటకూ కలిపి అయితే మొత్తం జాబితాలో నాకు ఇష్టమైనది ఇదే.

మా బామ్మర్ది చివరికి పాత ఆఫీస్ ల్యాప్‌టాప్, రెండు వైరు ప్యాడ్లతో సరిపెట్టుకున్నాడు. డెండీ సెట్టింగ్ ఫోన్‌లోనే చెప్పి పెట్టించాను. మర్నాడు మళ్లీ ఫోన్. "బావా, అంతా బాగుండాది గానీ ప్యాడ్ల వైర్లు సోఫా దాకా రాలేదు. అందరం కిందనే కూర్చుని ఆడినాము. చిన్నోడు జలపాతంలో నన్ను వదిలేసి పైకి పోయినాడు" అన్నాడు. మీరు కొనేటప్పుడు మూడు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైర్లు రెండు కలిపి తీసుకోండి. వాడు మాత్రం ఇంకా తెచ్చుకోలేదు.